మాట రాని పిల్లలకు మాటల అట్ట: ఇంట్లో ఎలా తయారు చేయాలి, ఎలా వాడాలి

నాలుగేళ్లు నిండినా పిల్లకు మాటలు రాలేదంటే మన పాలమూరు, నల్లగొండ ఊళ్లలో ముందు వినిపించేది ఒకటే: "వాళ్ల నాయినకు గూడ ఐదేండ్లకే వచ్చినయ్, ఈమెకూ వస్తయ్ తియ్." తర్వాత వస కొమ్ము అరగదీసి నాకిస్తారు, దర్గాకు పోయి తాయెత్తు కట్టిస్తారు. మొక్కు మొక్కుకోవడంలో తప్పు లేదు. వస మాత్రం మాటలు తెప్పించదు, ఎక్కువైతే వాంతులు తెప్పిస్తుంది. మాట కోసం మనం ఎదురుచూస్తూ పోయినంత కాలం ఆ పిల్ల తన ఆకలి, నొప్పి, భయం, ఇష్టం చెప్పుకునే దారి లేకుండానే రోజులు గడుపుతుంది. అందుకే ఈ వ్యాసం: గళ్లలో బొమ్మలున్న అట్టను చూపిస్తూ పిల్ల తన మాట చెప్పుకునే పద్ధతి గురించి. మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్, నోటి కదలికలను మెదడు సరిగ్గా నడిపించలేని అప్రాక్సియా వంటి కారణాలతో మాట రాని, లేదా వచ్చినా బయటివాళ్లకు అర్థం కాని పిల్లల అమ్మానాన్నల కోసం, అవ్వాతాతల కోసం, అంగన్‌వాడీ టీచర్ల కోసం రాస్తున్నాను.

మొదట ఒక భయం తీసేద్దాం. "బొమ్మలు చూపించడం అలవాటైతే ఇంక నోరు తెరవదేమో" అని దాదాపు ప్రతి తల్లీ అడుగుతుంది. దీని మీద జరిగిన పరిశోధనలన్నీ పోగేసి 2006లో ఒక సమీక్ష ప్రచురించారు. గట్టి ఆధారాలున్న 27 మందిని చూస్తే, బొమ్మలో సైగలో వాడినందువల్ల మాట తగ్గినవాళ్లు ఒక్కరూ లేరు. 89 శాతం మందికి మాట ఎంతో కొంత పెరిగింది, మిగిలినవాళ్లలో మార్పు లేదు. కాబట్టి స్పీచ్ థెరపీ ఆపకండి, ఇదీ మొదలుపెట్టండి. దీనికి ఫలానా వయసు రావాలని గాని, పిల్లకు ఇంత తెలివి ఉండాలని గాని నియమం లేదు.

ముందు చెవులు చూపించండి

బొమ్మలు కత్తిరించే ముందు చెయ్యాల్సిన పని ఇది. పిలిస్తే తిరుగుతున్నాడు కదా అని ఊరుకోవద్దు. తలుపు చప్పుడుకు తిరిగే పిల్లవాడికి కూడా మాటలోని సన్నని శబ్దాలు వినపడకపోవచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వచ్చే వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. వాళ్లకు చూపించి, జిల్లా ఆసుపత్రి దగ్గరి డీఈఐసీకి, అంటే చిన్నపిల్లల సత్వర చికిత్సా కేంద్రానికి రాయించుకోండి. పిల్ల నిద్రలో ఉండగానే వినికిడి కొలిచే బెరా పరీక్ష ఉంటుంది. అది చేయమని అడగండి. కళ్లు కూడా చూపించండి. కనపడని బొమ్మ ఎంత బాగా అతికించినా లాభం లేదు.

వారం రోజులు ఊరికే గమనించండి

పిల్ల ఇప్పటికే ఏదో ఒక విధంగా చెప్తూనే ఉంటుంది. నీళ్లకుండ వైపు చూస్తుంది, అవ్వ కొంగు పట్టి గుంజుతుంది, కడుపు నొస్తే ఒక తీరుగా, నిద్రొస్తే ఇంకో తీరుగా ఏడుస్తుంది. ఒక నోటుబుక్కు తీసుకుని పేజీని మూడు వరుసలుగా గీయండి. మొదటి వరుసలో ఆమె చేసేది, రెండోదాంట్లో దాని అర్థం, మూడోదాంట్లో అప్పుడు మనం చెయ్యాల్సింది. "చెవి రుద్దుకుంటుంది – చప్పుడు ఎక్కువైంది – బయటికి తీసుకుపోవాలి." ఇట్లా పది పదిహేను రాస్తే చాలు.

ఈ పుస్తకం అమ్మకు కొత్తేమీ చెప్పకపోవచ్చు. ఇంట్లో మిగిలినవాళ్లకు చెప్తుంది. అమ్మానాన్నలు పుణెకో ముంబైకో వలసపోయి పిల్ల అవ్వ దగ్గర ఉండే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఇన్నేళ్లుగా అమ్మ ఒక్కతికే తెలిసిన భాష ఆమెతో పాటే బస్సెక్కిపోకుండా ఈ నోటుబుక్కు ఆపుతుంది. అవ్వకు చదువు రాకపోతే పక్కింటి పిల్లలతో చదివించి వినిపించండి. ఫోన్లో గొంతు రికార్డు చేసి ఇచ్చినా సరే.

అవును, కాదు: ఈ రెండూ స్థిరపడాలి

తల ఊపలేని పిల్లవాడు ఉంటాడు. మెడ నిలవని సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు తల ఊపడమే కష్టం. అలాంటప్పుడు అతను తన ఇష్టంతో, అలసిపోకుండా చేయగలిగిన కదలిక ఏదో వెతకండి. పైకి చూస్తే అవును, కళ్లు మూస్తే కాదు. లేదా పిడికిలి ముడిస్తే అవును, తల పక్కకు తిప్పితే కాదు. ఏది పెట్టుకున్నా ఇంటిల్లిపాదీ అదే పాటించాలి.

అడిగే తీరులో జాగ్రత్త కావాలి. "బువ్వ తింటవా, జరసేపు ఆగుతవా?" అని రెండు కలిపి అడిగితే అవును అంటే దేనికి అవును? "ఆకలైతలేదా?" అన్నప్పుడు తల ఊపితే ఆకలి అవుతుందనా, కావట్లేదనా? మనం రోజూ ఇట్లాగే అడుగుతాం, మాట వచ్చినవాళ్లు సర్దుకుని జవాబిస్తారు. వీళ్లకు ఆ వీలు లేదు. "ఆకలైతుందా?" అని ఒకే ప్రశ్న, నేరుగా అడగండి. అడిగాక నోరు మూసుకుని మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఒంట్లో బిగువున్న పిల్లలకు కదలిక మొదలుకావడానికే అంత సమయం పడుతుంది. మనం మూడు సెకన్లకే మళ్లీ అడిగేస్తాం, పాపం వాళ్లు మళ్లీ మొదటినుంచి ప్రయత్నించాలి.

రెండింటిలో ఒకటి ఎంచుకోనివ్వండి

అసలు వస్తువులతో మొదలుపెట్టండి. ఒక చేతిలో అరటిపండు, ఇంకో చేతిలో బిస్కెట్టు. పిల్ల కళ్ల ఎత్తులో, రెండు చేతులూ దూరంగా చాపి పట్టుకోండి. పేరు చెప్తూ ఒక్కొక్కటి కొంచెం కదిలించి ఆగండి. ఎటు చూస్తే అది ఇచ్చేయండి. చూపు తప్పుగా చదివామేమో అన్న అనుమానం ఉన్నా ఇచ్చేయండి. అది కాకపోతే మొహం ముడుస్తుంది, అప్పుడు రెండోది. "నేను చూసిన దాన్ని బట్టి వీళ్లు పని చేస్తున్నారు" అని తెలియడమే ఇక్కడ కావాల్సింది. ఇది కుదిరాక వస్తువుల స్థానంలో ఫోటోలు పెట్టండి.

మాటల అట్ట తయారీ

ఖర్చు చాలా తక్కువ. ఏ ఫోర్ కాగితాన్ని అడ్డంగా పెట్టి నాలుగు నిలువు, నాలుగు అడ్డం వరుసలు గీయండి, పదహారు గళ్లు వస్తాయి. ఒక్కో గడి సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. చెయ్యి సరిగ్గా నిలవని పిల్లకు అంత చిన్న గళ్లు పనికిరావు, నాలుగు గళ్లతోనే మొదలుపెట్టండి. స్పెయిన్‌లోని అరగాన్ ప్రభుత్వం నడిపే అరసాక్ అనే వెబ్‌సైట్లో వేల బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి. వ్యాపారానికి కాకుండా ఇంటికీ బడికీ ఎంత వాడుకున్నా ఫర్వాలేదు. మనుషులకు, ఇంటి వస్తువులకు మాత్రం ఫోన్తో తీసిన ఫోటోలే మేలు. వెనుక తెల్లగోడో తెల్లటి దుప్పటో ఉండేలా తీయండి. జిరాక్సు షాపులో రంగుల్లో ప్రింటు తీయించి లామినేషన్ చేయించండి. ఎండలో మెరిసిపోయి బొమ్మ కనిపించకపోతే మెరుపు లేని లామినేషన్ అడగండి.

ఇక ఏ మాటలు పెట్టాలి? చాలా అట్టలు ఇక్కడే పాడవుతాయి. అన్నం, నీళ్లు, పాలు, బాత్రూం, బంతి, కుక్క, బస్సు అంటూ పేర్లతో నింపేస్తారు. పేర్లతో పిల్ల అడుక్కోవడం తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఎక్కడైనా పనికొచ్చే మాటలతో మొదలుపెట్టండి. నేనైతే మొదటి అట్టలో ఇవి పెడతాను: కావాలె, వద్దు, ఇంకా, అయిపోయింది, రా, పోదాం, ఇయ్యి, చూడు, ఆపు, నేను, నువ్వు, ఏంది, ఏడ, మంచిగుంది, నొస్తుంది, ఇందులో లేదు.

చివరిది మర్చిపోవద్దు. తను చెప్పదలచుకున్నది అట్టలో లేదని చెప్పే వీలు లేకపోతే పిల్ల దొరికిన బొమ్మేదో చూపించి మిన్నకుంటుంది, మనం అదే ఆమె మాట అనుకుంటాం. బొమ్మల కింద మాటను మీ ఇంట్లో అనే తీరులోనే రాయండి. గద్వాల దగ్గర ఒక రకంగా, దేవరకొండ దగ్గర ఇంకో రకంగా అంటారు, అదే రాయండి. పిల్ల చెవిన పడేదీ, అట్టలో ఉండేదీ ఒకటిగా ఉండాలి.

మనుషులకూ తిండికీ రెండో పేజీ వేయండి: నాయిన, అమ్మ, అవ్వ, మేనత్త, జొన్న రొట్టె, సల్ల, గుడాలు, పెరుగన్నం, ఆమెకు ఇష్టమైన పాట, పక్కింటి మేక. మూడో పేజీ ఒంటి బొమ్మ. ఎక్కడ నొస్తుందో వేలుపెట్టి చూపించడానికి.

ఒకసారి వేసిన బొమ్మ స్థానం మార్చకండి. "వద్దు" పై వరుసలో కుడి మూలన ఉంటే ఏళ్ల తరబడి అక్కడే ఉండాలి. కొత్త మాటలు ఖాళీ గళ్లలోనో కొత్త పేజీలోనో రావాలి. అట్టలు కనీసం మూడు చేయించండి. ఒకటి వంటింటి దగ్గర, ఒకటి పిల్ల పడుకునే చోట, ఒకటి బయటికి పోయే సంచిలో. బీరువాలో దాచిపెట్టిన అట్ట ఎవరికీ ఉపయోగపడదు.

వేలు పెట్టి చూపలేని పిల్లలకు

ఫోటో ఫ్రేములు కట్టే షాపులో పారదర్శకంగా ఉండే అక్రిలిక్ షీటు ముక్క అడగండి. నడుమ అరచేయంత రంధ్రం కోయించి, నాలుగు మూలల్లో నాలుగు బొమ్మలు అతికించండి. పిల్లకు ఎదురుగా కూర్చుని ఆ రంధ్రంలోంచి ఆమె కళ్లను చూడండి. ఆమె చూపు ఏ మూలకు పోయిందో స్పష్టంగా తెలుస్తుంది. బొమ్మను చూసి, తిరిగి మీ కళ్లలోకి చూస్తే "అదే" అని అర్థం. ఇంకో పద్ధతికి వస్తువే అక్కర్లేదు. "తినేదా? ఆడేదా? మనుషుల సంగతా? నొప్పా?" అని ఒక్కొక్కటి నిదానంగా చదువుతూ పోండి, అవును అని ఒప్పుకున్న సైగ దగ్గర ఆగి, దాని లోపలి మాటలు చదవండి. బస్సులో ఉన్నప్పుడు, రాత్రి కరెంటు పోయినప్పుడు నాకు దీన్ని మించింది కనిపించలేదు.

అసలు పని: మీరు చూపించాలి

అట్ట చేసి పిల్ల ముందు పెట్టి "చూపియ్, నీళ్లు ఏడున్నయ్ చూపియ్" అని అడగడం మొదలుపెడితే రెండు వారాల్లో ఆమె దాన్ని విసిరికొడుతుంది. విసిరికొట్టడం సబబే. అది పరీక్ష, మాట కాదు. మాట వచ్చే పిల్ల ఏడాది పాటు మన మాటలు వింటుంది, ఆ తర్వాతే మొదటి మాట అంటుంది. ఆ ఏడాదిలో ఎవరూ ఆమెకు పరీక్ష పెట్టరు. అట్టతో మాట్లాడాల్సిన పిల్లకు అట్టతో మాట్లాడేవాళ్లు కనిపించాలి. అంటే మీరే.

రొట్టె పెడుతూ "ఇంకా కావాల్నా?" అంటూ "ఇంకా" మీద వేలు పెట్టండి. స్నానం పోస్తూ చివరి చెంబు తర్వాత "అయిపోయింది" మీద పెట్టండి. బయలుదేరేటప్పుడు "పోదాం", కుక్క అడ్డమొస్తే "చూడు", మీ నడుము పట్టేస్తే "నొస్తుంది". మొత్తం వాక్యం నోటితో అనండి, వేలు మాత్రం ఒకటి రెండు మాటల మీదే పెట్టండి. పిల్ల ఒక్క మాట చూపించే దశలో ఉంటే మీరు రెండు చూపండి, రెండు చూపిస్తుంటే మూడు. ఆమె చెయ్యి పట్టి గుంజి బొమ్మ మీద పెట్టకండి. అట్లా పెట్టిస్తే అది ఆమె మాట కాదు, మీ మాట. తప్పు బొమ్మ చూపించినా "కాదు" అనకుండా దానికి తగ్గట్టే నడుచుకోండి. "ఆపు" అని చూపించిందా, పాట ఆపండి. ఆమె ఆశ్చర్యపోతుంది. ఆ మాట విలువ అప్పుడే తెలుస్తుంది.

రోజంతా కూర్చోవాల్సిన పని లేదు. తిండి, స్నానం, ఆట, ఈ మూడు వేళలు పట్టుకోండి. చెప్పే అవసరం వచ్చేలా చిన్న చిన్న సందర్భాలు కల్పించండి: డబ్బా మూత గట్టిగా పెట్టి ఇవ్వండి, ఉయ్యాల సగంలో ఆపి ఆగండి, ఇష్టమైన పాట నడుమ నిలిపేయండి. ఆగి, ఎదురుచూసి, ఆమె ఏ చిన్న సైగ చేసినా అందుకోండి. తిండి, నీళ్లు ఆపి మాత్రం ఎప్పుడూ నేర్పకండి. "చూపిస్తేనే బువ్వ" అనడం క్రూరం.

"వద్దు" గురించి ఒక మాట. పిల్ల మొదటిసారి "వద్దు" చూపించినప్పుడు ఇంట్లో అందరూ సంబరపడతారు, ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. వీలైనంతవరకు ఆ మాట చెల్లనివ్వండి. ముద్ద వద్దంటే ప్లేటు తీసేయండి. మందు లాంటిది తప్పనప్పుడు, "వద్దంటున్నవ్, నాకు తెలిసింది. కానీ జ్వరం ఉంది, తాగాలె. తాగినంక అయిపోయింది" అని బొమ్మలు చూపిస్తూ చెప్పండి. విన్నామని తెలిసిన పిల్ల కొరకడం, తల బాదుకోవడం తగ్గిస్తుంది. ఆ కోపాల్లో చాలావరకు చెప్పే దారి దొరకనివే.

ఫలితం ఎప్పుడొస్తుంది? కొందరికి వారాల్లో, కొందరికి నెలల్లో. పిల్ల అట్టను చూడనట్టే ఉన్నా ఆపకండి. ముందు మీ వేలును చూస్తుంది, తర్వాత బొమ్మను చూస్తుంది, ఎప్పుడో తనంతట తాను ముట్టుకుంటుంది.

దగ్గరికే రాని పిల్లలైతే

ఆటిజం ఉన్న కొందరు పిల్లలు అవసరమైనది తామే ఎక్కి తీసుకుంటారు, మనుషుల వైపు రారు. వీళ్లకు బొమ్మ చేతికిచ్చి పుచ్చుకునే పద్ధతి మంచిది. దీన్ని 1985లో అమెరికాలోని డెలవేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ తయారుచేశారు, పెక్స్ అంటారు. మొదట ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. మురుకులు పట్టుకుని అమ్మ ఎదురుగా కూర్చుంటుంది. పిల్లవాడు మురుకు కోసం చెయ్యి చాపగానే వెనకున్న అక్కో చిన్నమ్మో మాట్లాడకుండా ఆ చేతికి మురుకు బొమ్మ అందించి, అమ్మ చేతిలో పెట్టిస్తుంది. అమ్మ వెంటనే "మురుకు!" అంటూ ఇచ్చేస్తుంది. "ఏం కావాలె?" అని ముందుగా అడగకూడదు, పిల్లవాడే మొదలుపెట్టాలి. వెనక సాయం రోజురోజుకూ తగ్గించాలి. బొమ్మల వెనుక అంటించడానికి వెల్క్రో పట్టీ టైలరింగ్ సామాన్ల షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంది.

చేతి సైగలు కూడా నేర్పొచ్చు. ఇంటి బయటివాళ్లకు అవి అర్థం కావు గనుక అట్టతో కలిపే వాడండి.

ఫోను, యాప్‌లు

బొమ్మను ముట్టుకుంటే మాట పలికే యాప్‌లు ఉన్నాయి. ఐఐటీ బొంబాయిలో తయారైన జెల్లో ఉచితం. చెన్నైలో తయారైన ఆవాజ్‌కు డబ్బు కట్టాలి. ఎక్కించుకునే ముందు తెలుగు, తెలుగు గొంతు ఉన్నాయో లేదో సెట్టింగుల్లో చూసుకోండి. గొంతు రికార్డు చేసుకునే వీలుంటే ఆడపిల్లకు అదే ఈడు ఆడపిల్లతో చెప్పించండి, యాస మనదే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో యాప్‌ను పిన్ చేసే వీలుంది, దాంతో పిల్ల యూట్యూబ్‌లోకి పోకుండా ఉంటుంది. ఇంట్లో పాత ఫోను ఉంటే దాన్ని మాట కోసమే కేటాయించండి. వీడియోలు చూసే ఫోనూ మాట్లాడే ఫోనూ ఒకటే అయితే గెలిచేది వీడియోలే. అప్పు చేసి ట్యాబు కొనొద్దు. కాగితం అట్ట ఇంట్లో పాతుకున్నాక యాప్ ఆలోచన చేయండి. యాప్ వచ్చాక కూడా కాగితం ఉండాల్సిందే, చార్జింగ్ అయిపోయిందని పిల్ల నోరు కట్టేయలేం కదా.

ఊళ్లో, బడిలో

అట్ట మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలతో రాయండి: "నాకు మాటలు రావు, మీరనేది అర్థమవుతుంది. ఈ బొమ్మలతో చెప్తాను. కొంచెం ఆగండి." కిరాణా షాపులో అమ్మ అడగకుండా పిల్లనే చూపించనివ్వండి. బతుకమ్మ నాడు, కురుమూర్తి జాతరకో చెరువుగట్టుకో పోయినప్పుడు ఆ రోజుకు సరిపడా చిన్న పేజీ ఒకటి వేసుకోండి. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం రిసోర్స్ పర్సన్లు ఉంటారు. మీ నోటుబుక్కూ అట్టా వాళ్లకు చూపించి, బడి టీచరుకు ఎలా వాడాలో చెప్పించండి.

ఒక పేజీ గురించి మొహమాటం వద్దు. "భయమైతుంది", "నన్ను కొట్టిండ్రు", "నన్ను ముట్టుకున్నరు", ఒంటిలోని అన్ని భాగాలు, పక్కనే తెలిసినవాళ్ల ఫోటోలు ఉండాలి. మాట రాని పిల్లల మీద దౌర్జన్యం చేసేవాళ్లకు ఈ పిల్ల చెప్పలేదన్నదే ధైర్యం.

కాగితాలు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మాట, భాషా వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం వాటిలో ఉన్నాయి. అందులో "కమ్యూనికేషన్" నిర్వచనంలోనే మాటకు బదులుగా వాడే పద్ధతులను కూడా చేర్చారు. అంటే బడిలో అట్ట వాడనివ్వమని అడగడం మీ హక్కు. వైకల్య సర్టిఫికెట్టు, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు కోసం మీసేవలో వివరాలు కనుక్కోండి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష రూపాయల వరకు, అందులో థెరపీ ఖర్చులు కూడా వస్తాయి. పూర్తి పరీక్షకు సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌కు పోండి. మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీ, అలీ యావర్ జంగ్ వాక్, శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రం రెండూ అక్కడే ఉన్నాయి. పోయేటప్పుడు నోటుబుక్కు, అట్ట, ఇంట్లో పిల్ల అట్ట వాడుతున్న రెండు మూడు చిన్న వీడియోలు వెంట తీసుకుపోండి. కొత్త చోట పిల్ల బిగుసుకుపోతే ఆ వీడియోలే డాక్టరుకు ఆధారం.

అట్ట పిల్లతో పాటు పెరగాలి

నెలకోసారి నోటుబుక్కు తీసి, "ఇందులో లేదు" అని పిల్ల ఎప్పుడెప్పుడు చూపించిందో చూడండి. రావాల్సిన కొత్త మాటలు అక్కడే దొరుకుతాయి. అక్షరాలు నేర్పడం మానకండి. బొమ్మల కింద అచ్చులు, హల్లులు, గుణింతం గుర్తుల పేజీ ఒకటి ఎప్పుడూ ఉండనివ్వండి. కొందరు పిల్లలు మనం అనుకోని వయసులో దాన్ని అందుకుంటారు. పన్నెండు, పదమూడేళ్లు వచ్చేసరికి చిన్నపిల్లల బొమ్మలు తీసేసి ఈడుకు తగ్గ ఫోటోలు పెట్టండి. నెలసరి, సిగ్గు, కోపం, "తలుపెయ్యి", "నన్ను ఒక్కదాన్నే ఉండనియ్యి", స్నేహితురాళ్ల పేర్లు, సినిమా హీరో, తమ్ముడితో పోట్లాడటానికి రెండు తిట్లు కూడా చేర్చండి.